జీఎం పంటకి ‘బాధ్యతాయుతం’ అనే ముద్ర ఎందుకు వద్దంటున్నారు

సోయా దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే జీఎం పంటకి, అంటే జన్యుమార్పిడి చేసిన పంటకి, పర్యావరణ లేబుల్ ఇవ్వొచ్చా లేదా అనే గొడవ బాగా ముదిరింది అక్కడే. 2004లో స్విట్జర్లాండ్‌లో కూప్ అనే పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ స్విట్జర్లాండ్ విభాగం కలిసి సోయా కొనడానికి కొన్ని నియమాలు రాయించాయి, బాసెల్ నియమాలు అంటారు వాటిని. అడవి కొట్టేసిన నేలలో పండిన సోయా కొనకూడదు, కూలీల హక్కులు కాపాడాలి, జీఎం విత్తనం వాడకూడదు, ఇవీ అందులోని ముఖ్యమైన షరతులు. మరుసటి ఏడాది 2005లో బ్రెజిల్‌లోని ఫోజ్ దొ ఇగువాసులో ఇంకా పెద్ద ఎత్తున ఒక సమావేశం జరిగింది, అందులోంచి పుట్టిందే రౌండ్ టేబుల్ ఆన్ రెస్పాన్సిబుల్ సోయ్, పొట్టిగా ఆర్‌టీఆర్‌ఎస్. 2006లో జ్యూరిక్‌లో రిజిస్టర్ చేశారు. కార్గిల్, బంగే లాంటి ధాన్యం వ్యాపారులు, యూనిలీవర్ లాంటి ఆహార కంపెనీలు, పెద్ద పెద్ద సోయా రైతులు, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ లాంటి స్వచ్ఛంద సంస్థలు అందరూ ఒకే టేబుల్ చుట్టూ కూర్చున్నారు. కానీ ఈసారి జీఎం వద్దు అనే షరతు లేదు. టెక్నాలజీ విషయంలో మేము తటస్థం అన్నారు. 2009లో మోన్‌శాంటో, సింజెంటా అనే విత్తన, మందుల కంపెనీలు కూడా సభ్యులయ్యాయి. 2010లో ప్రమాణం ఖరారైంది, ఆ మరుసటి ఏడాది నుంచి గడ్డిమందు తట్టుకునే జీఎం సోయాకి కూడా ‘బాధ్యతాయుతమైన సోయా’ సర్టిఫికెట్ రావడం మొదలైంది.

ఇగువాసులో మొదటి సమావేశం జరిగే రోజుల్లోనే ఆ దగ్గర్లోనే రైతు సంఘాలు, పర్యావరణ సంఘాలు వేరే సభ పెట్టుకుని మీ ముద్ర మాకొద్దు అన్నాయి. 2009లో అర్జెంటీనా, పరాగ్వే, బ్రెజిల్, యూరప్ సంఘాలు పదుల సంఖ్యలో కలిసి బహిరంగ లేఖ రాశాయి. వాళ్ళ అభ్యంతరం జీఎం తింటే జబ్బు చేస్తుందా లేదా అన్న దాని మీద కాదు, ఇది ముందే గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే జీఎం అనగానే చర్చ మొత్తం అటే పోతుంది. వాళ్ళు అడిగింది ఒక్కటే, ఈ పంట విధానం అసలు నిలకడైనదేనా, కానప్పుడు ఆ మాట కవర్ మీద ఎలా వేస్తారు అని.

నిలకడ అనే మాటని కొలవాలంటే ముందు ఈ సోయా ఏంటో తెలియాలి. రౌండప్ రెడీ సోయా 1996లో అమెరికాలో, అర్జెంటీనాలో ఒకేసారి మార్కెట్లోకి వచ్చింది. రౌండప్ పేరుతో అమ్మే గ్లైఫోసేట్ అనే గడ్డిమందు మొక్కలో ఒక ఎంజైమ్‌ని ఆపేస్తుంది, అది ఆగితే మొక్కకి కావాల్సిన కొన్ని అమైనో ఆమ్లాలు తయారవ్వవు, పచ్చగా ఉన్నది ఏదైనా సరే ఎండిపోతుంది. ఒక బ్యాక్టీరియాలో ఈ మందుకి లొంగని ఎంజైమ్ దొరికితే దాని జన్యువుని సోయాలో పెట్టారు. ఇక పొలం మొత్తం మీద మందు కొట్టేయొచ్చు, గడ్డి చస్తుంది, సోయా మిగులుతుంది. కలుపు తీసే కూలీలు అక్కర్లేదు, దున్నకుండానే విత్తొచ్చు, ఒక్కడే మెషీన్లతో వందల హెక్టార్లు సాగు చేయొచ్చు. అర్జెంటీనాలో కొన్నేళ్ళకే దాదాపు సోయా మొత్తం ఇదే అయిపోయింది. బ్రెజిల్‌లో అప్పటికి అనుమతి లేదు, అయినా అర్జెంటీనా సరిహద్దు దాటి రియో గ్రాండె దో సూల్ రాష్ట్రంలోకి దొంగచాటుగా విత్తనం వచ్చేసింది, ఆ విత్తనాన్ని అక్కడ మరడోనా సోయా అని పిలిచేవాళ్ళు. పొలాల్లో అప్పటికే పండుతోంది కాబట్టి ప్రభుత్వం 2003లో తాత్కాలికంగా అనుమతిచ్చింది, 2005లో చట్టమే చేసింది.

తర్వాత జరిగింది వ్యవసాయం తెలిసిన ఎవరైనా ఊహించగలిగిందే. ఒకే మందు, ప్రతి ఏడూ, లక్షల హెక్టార్ల మీద. దానికి చావని గడ్డి మొక్కలే బతికి విత్తనం రాల్చాయి. అర్జెంటీనా ఉత్తర భాగంలో జాన్సన్ గడ్డి, ఇది మన జొన్న కుటుంబానిదే, గ్లైఫోసేట్‌కి లొంగడం మానేసింది. అమెరికాలో 2005లో జార్జియా రాష్ట్రంలో పాల్మర్ అమరాంత్ మొండికేసింది, ఇది మన తోటకూర జాతిదే, కాకపోతే మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది, ఒక్క మొక్క లక్షల గింజలు రాలుస్తుంది. దాంతో డోసు పెంచారు, పాత మందులు మళ్ళీ కలిపారు. చార్లెస్ బెన్‌బ్రూక్ 2012లో వేసిన లెక్క ప్రకారం 1996 నుంచి 2011 దాకా అమెరికాలో గడ్డిమందు తట్టుకునే పంటల వల్ల అదనంగా వాడిన గడ్డిమందు దాదాపు 23.9 కోట్ల కిలోలు. అదే కాలంలో పురుగుని చంపే బ్యాక్టీరియా జన్యువు పెట్టిన బీటీ పంటల వల్ల పురుగుమందు 5.6 కోట్ల కిలోలు తగ్గిందని కూడా ఆయనే చెప్పాడు, రెండూ కలిపి చూసినా మొత్తం మీద పెరుగుదలే. తర్వాత డైకాంబా అనే పాత మందుని తట్టుకునే సోయా తెచ్చారు, 2017లో ఆ మందు గాలికి కొట్టుకుపోయి అమెరికాలో పక్క రైతుల సోయా దాదాపు 36 లక్షల ఎకరాల్లో ముడుచుకుపోయిందని మిస్సోరీ యూనివర్సిటీ అంచనా వేసింది. అంటే ఒక జన్యువు పనిచేయడం మానేస్తే ఇంకో జన్యువు, ఒక మందు మానేస్తే ఇంకో మందు. ఇంకో ఇరవై ఏళ్ళు ఇలాగే నడుస్తుందని నమ్మకంగా చెప్పలేని పద్ధతికి నిలకడైనది అని సర్టిఫికెట్ ఎలా ఇస్తారన్నది న్యాయమైన ప్రశ్నే.

సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళ వాదన ఏంటంటే, మేము పొలంలో మందు ఎలా కొడుతున్నారో చూస్తాం, నియమాలు పెట్టాం, ఆడిటర్ వచ్చి చెక్ చేస్తాడు అని. అయితే ఆ నియమాల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. ఆర్‌టీఆర్‌ఎస్ 2010 ప్రమాణంలో, జనం ఉండే చోటుకి గానీ నీటి వనరులకి గానీ 500 మీటర్ల లోపు విమానంతో మందు కొట్టకూడదు అని ఉంది. చదివితే బానే ఉంది అనిపిస్తుంది. కానీ ఆ నియమం వర్తించేది ప్రపంచ ఆరోగ్య సంస్థ విష తీవ్రత జాబితాలో ఒకటో, రెండో తరగతి మందులకి, అంటే ఎక్కువ విషమున్న వాటికి మాత్రమే. గ్లైఫోసేట్ మూడో తరగతిలో ఉంది. ఈ సోయా మీద ఏ మందు అన్నిటికంటే ఎక్కువగా పడుతుందో సరిగ్గా ఆ మందే 500 మీటర్ల గీతకి బయట ఉండిపోయింది, దానికి మిగిలింది అన్ని మందులకీ పెట్టిన 30 మీటర్ల దూరమే. 30 మీటర్లంటే ఊళ్ళో రోడ్డుకి ఆ పక్క నాలుగు ఇళ్ళ దూరం. పైగా ఆ తరగతులు ఎలా వేస్తారంటే ఒక్కసారి ఒంట్లోకి పోతే ఎంత మోతాదులో ప్రాణం పోతుందన్న దాని మీద, అంతేగానీ పదేళ్ళపాటు రోజూ కొంచెం కొంచెం పీలిస్తే ఏమవుతుందన్న దాని మీద కాదు. 2015లో అదే ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం గ్లైఫోసేట్‌ని మనుషులకి క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటిలో, 2ఏ అనే గ్రూపులో చేర్చింది. అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు దీన్ని ఒప్పుకోలేదు, ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కానీ తేలని విషయం మీద ‘బాధ్యతాయుతం’ అని ముద్ర వేయడమే అసలు అభ్యంతరం.

అర్జెంటీనాలో కోర్దోబా నగరం అంచున ఇతుసాయింగో అనే పేట ఉంది. ఇళ్ళ పక్కనే సోయా పొలాలు. అక్కడి తల్లులు ఇల్లిల్లూ తిరిగి ఎవరింట్లో ఏ జబ్బుందో రాసుకుని తమ పేటకి తామే మ్యాప్ తయారుచేశారు. వాళ్ళలో ఒకరైన సోఫియా గాతికాకి పుట్టిన బిడ్డ కిడ్నీలు పనిచేయక చనిపోయింది, ఆ పోరాటానికే ఆమెకి 2012లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. అదే ఏడాది అక్కడి కోర్టు ఇళ్ళకి దగ్గరగా అక్రమంగా మందు కొట్టించినందుకు ఒక సోయా రైతుకీ, విమానంతో కొట్టిన వ్యక్తికీ శిక్ష వేసింది. పరాగ్వేలో అంతకుముందే 2003లో ఇంటి పక్క సోయా పొలానికి కొట్టిన మందు మీద పడి 11 ఏళ్ళ పిల్లాడు చనిపోయాడు, ఆ కేసులో కూడా ఇద్దరు రైతులకి శిక్ష పడింది. ఈ పొలాలకి సర్టిఫికెట్ ఉందని ఎవరూ అనట్లేదు. అయితే ఆ ఊళ్ళలో బతికేవాళ్ళు సర్టిఫికెట్ ఉన్న సోయాని, లేని సోయాని వేరువేరుగా చూడలేకపోతున్నారు, ఎందుకంటే వాళ్ళకి రెండూ ఒకే విత్తనం, ఒకే మందు, ఒకే విమానం.

అసలు చిక్కు ఇదే. లేబుల్ చూసేది ఒక్క పొలాన్ని. డబ్బాలు ఎక్కడ పారేశారు, కూలీకి గ్లౌజులు ఇచ్చారా, రికార్డు రాశారా, ఇలాంటివి. ఇవన్నీ అవసరమే, కాదనలేం. కానీ జీఎం పంట తెచ్చే ప్రధానమైన నష్టాలు పొలం గట్టు దగ్గర ఆగవు. మందుకి లొంగని గడ్డి జిల్లా మొత్తం పాకుతుంది, పుప్పొడి పక్క చేలోకి పోతుంది, విత్తనం మీద హక్కు కంపెనీ చేతుల్లో ఉంటుంది, చిన్న రైతు పొలం పెద్ద రైతుకి కౌలుకి పోతుంది. ఒక్కో పొలాన్ని విడివిడిగా ఆడిట్ చేస్తే ప్రతి పొలమూ పాసవుతుంది, ప్రాంతం మాత్రం ఫెయిలవుతుంది.

ఇది మన దగ్గర పత్తిలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2002 మార్చిలో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చింది. 1997-98లో వరంగల్‌లో పురుగు దెబ్బకి పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్న రోజులవి, కాబట్టి పురుగు పట్టని విత్తనం అంటే రైతులు ఎందుకు ఎగబడ్డారో అర్థం చేసుకోవచ్చు. మొదట్లో శనగపచ్చ పురుగు మీద అది పనిచేసిన మాట నిజమే. అయితే మహికో అనే విత్తన కంపెనీ తెచ్చిన మొదటి మూడు రకాలు మన దగ్గర సరిగ్గా రాలేదని 2005లో జీఎం పంటలకి అనుమతులిచ్చే కేంద్ర కమిటీ జీఈఏసీ వాటిని ఆంధ్రప్రదేశ్‌లో అమ్మనివ్వలేదు. 2006లో రాష్ట్ర ప్రభుత్వం విత్తనం మీద వసూలు చేసే రాయల్టీ గురించి, వ్యాపారంలో గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే ఎంఆర్‌టీపీ కమిషన్‌కి వెళ్ళి పోరాడితే గానీ 1,600 పైన ఉన్న 450 గ్రాముల ప్యాకెట్ 750 రూపాయలకి దిగలేదు.

ఆ 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు ఇంకో చిన్న ప్యాకెట్ వచ్చేది, 120 గ్రాములు, బీటీ కాని మామూలు పత్తి గింజలు. వీటిని చేను చుట్టూ ఐదు వరసలు వేయాలి. ఎందుకంటే బీటీకి చావని పురుగులు ఒకటీ అరా పుడితే, అవి ఈ మామూలు వరసల్లో పెరిగిన పురుగులతో జతకట్టి, వాటి పిల్లలు మళ్ళీ బీటీకి చచ్చేలా ఉంటాయి. ఆలోచన మంచిదే. కానీ రెండు మూడు ఎకరాల రైతు, అదీ కౌలు రైతు, ఉన్న కొంచెం చేలో పురుగుకి మేత కోసమని ఐదు వరసలు ఎలా వదులుతాడు? చాలామంది ఆ ప్యాకెట్ పక్కన పడేశారు. ఒకవేళ ఒక రైతు బుద్ధిగా వేసినా చుట్టుపక్కల వంద మంది వేయకపోతే అతని ఐదు వరసల వల్ల ఒరిగేది ఏమీ లేదు, ఎందుకంటే రెక్కల పురుగు ఎగిరేది ఊరి మొత్తం మీద. పైగా మన దేశంలో బీటీని దాదాపు హైబ్రిడ్లలోనే ఇచ్చారు, అవి ఎక్కువ కాలం పంటలు, జనవరి ఫిబ్రవరి దాకా చేలో కాయ ఉంటే గులాబీ రంగు పురుగుకి పండగే. 2010లో మోన్‌శాంటోనే గుజరాత్‌లో మొదటి తరం బీటీకి ఈ పురుగు చావట్లేదని ఒప్పుకుంది, తర్వాత కొన్నేళ్ళకే రెండో తరానికీ అదే గతి పట్టింది. నాగ్‌పూర్ పత్తి పరిశోధన సంస్థకి డైరెక్టర్‌గా చేసిన కేశవ్ క్రాంతి, గ్లెన్ స్టోన్ అనే శాస్త్రవేత్తతో కలిసి 2020లో రాసిన పేపర్లో, 2018 నాటికి రైతు హెక్టారుకి పురుగుమందు మీద పెడుతున్న ఖర్చు బీటీ రాకముందు కంటే 37 శాతం ఎక్కువైందని తేల్చారు.

ఇప్పుడు ఇదే పత్తికి ఒక లేబుల్ ఉంది. బెటర్ కాటన్ ఇనిషియేటివ్, 2009 నుంచి సంస్థగా పనిచేస్తోంది, 2010-11లో మొదటి పంట తీసిన దేశాల్లో ఇండియా ఒకటి, తెలంగాణలో కూడా రైతులున్నారు. ఐకియా, హెచ్ అండ్ ఎం, అడిడాస్ లాంటి బ్రాండ్లు దీని సభ్యులు. జీఎం విషయంలో ఇక్కడా అదే మాట, తటస్థం, ప్రోత్సహించం, నిషేధించం. దేశంలో పత్తి విస్తీర్ణం 90 శాతం పైన బీటీయే అయినప్పుడు తటస్థం అంటే ఆచరణలో దాని అర్థం బీటీకి లేబుల్ అనే. చేలోకి వెళ్ళి వీళ్ళు నేర్పించే విషయాల్లో మంచివి చాలా ఉన్నాయి, లింగాకర్షక బుట్టలు పెట్టడం, పురుగుని లెక్కపెట్టి అవసరమైతేనే మందు కొట్టడం, మాస్కు లేకుండా కొట్టకపోవడం. 2017లో యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, ఆ సంగతి తెలిసిన ఎవరూ ఈ శిక్షణని తేలిగ్గా తీసిపారేయలేరు.

సమర్థించేవాళ్ళ బలమైన వాదన కూడా ఇక్కడే ఉంది. ఆదిలాబాద్ రైతుకి షాపులో బీటీ కాని విత్తనం దొరకదు, దొరకని దాన్ని వాడలేదని అతన్ని బయటకి తోసేస్తే నష్టపోయేది కంపెనీ కాదు, రైతే కదా అంటారు. ఇది ఆలోచించాల్సిన మాటే. అయితే శిక్షణ ఒకటి, చొక్కా మీద ముద్ర ఇంకొకటి. రైతుకి శిక్షణ ఇవ్వడానికి, మందు తగ్గించమని చెప్పడానికి, నష్టం తగ్గించడానికి ముద్ర అక్కర్లేదు. ముద్ర ఉండేది కొనేవాడి కోసం, ఇది కొంటే భూమికి మంచిది అని అతనికి చెప్పడం కోసం. ఆ మాట చెప్పాలంటే పంట విధానం మొత్తానికి పూచీ పడాలి. పైగా విత్తనం దొరకకపోవడానికి కారణమే అందరూ బీటీ వైపు పోవడం, ఇప్పుడు అదే పంటకి మంచి పేరు కూడా ఇచ్చేస్తే హైబ్రిడ్ కాని దేశీ సూటి రకాల విత్తనం మళ్ళీ తయారుచేయమని ఎవరు అడుగుతారు, ఏ కంపెనీ తయారుచేస్తుంది?

ఇంకో అన్యాయం ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. జీఎం వేయని రైతు మీద పడే ఖర్చు. సేంద్రీయ పత్తి వేసే రైతు బీటీ కాని గింజ వెతుక్కోవాలి, పక్క చేను పుప్పొడి రాకుండా దూరం పాటించాలి, జిన్నింగ్ మిల్లులో కలిసిపోకుండా చూసుకోవాలి, టెస్టులు చేయించాలి. కలుషితం చేసేవాడికి ఖర్చు లేదు, కలుషితం కాకుండా ఉండాలనుకునేవాడికే ఖర్చంతా. అంత కష్టపడి తెచ్చిన పత్తి పక్కనే షెల్ఫులో బీటీ పత్తి చొక్కా కూడా ఆకుపచ్చ లేబుల్‌తో, తక్కువ రేటుకి వేలాడుతూ ఉంటే కొనేవాడు ఏది తీసుకుంటాడు?

ఆ లేబుల్ వెనక వస్తువు ఉంటుందన్న గ్యారంటీ కూడా అన్నిసార్లూ లేదు. సోయాలో క్రెడిట్లు అమ్ముతారు, అంటే బ్రెజిల్‌లో ఎక్కడో సర్టిఫికెట్ ఉన్న సోయా పండితే దాని క్రెడిట్ యూరప్‌లో డెయిరీ కంపెనీ కొనుక్కోవచ్చు, ఆవులు తినే సోయా మాత్రం ఎక్కడిదో తెలియని మామూలు సరుకే. పత్తిలో కూడా చాలా ఏళ్ళు మాస్ బ్యాలెన్స్ పద్ధతే నడిచింది, ఎంత బెటర్ కాటన్ కొన్నారో లెక్క సరిపోతే చాలు, ఆ చొక్కాలో ఆ పత్తే ఉండక్కర్లేదు. యూరప్‌లో ఆహారంలో జీఎం 0.9 శాతం దాటితే లేబుల్ వేయాలి గానీ జీఎం మేత తిన్న పశువుల పాలకి, మాంసానికి, గుడ్లకి ఆ నియమం లేదు. సోయా ఎక్కువగా పోయేది పశువుల మేతకే. అంటే చెప్పాల్సిన సమాచారం చెప్పక్కర్లేదు, చెప్పుకోవాలనుకునే మంచి మాట మాత్రం చెప్పుకోవచ్చు.

మన దగ్గరా ఇలాంటి ఖాళీ ఉంది. ప్యాకెట్ ఆహారంలో జీఎం ఉంటే పైన జీఎం అని వేయాలని తూనికలు కొలతల నియమం 2013 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, షాపుల్లో ఆ అక్షరాలు చూసినవాళ్ళు ఎంతమంది? బీటీ పత్తి గింజల నూనె వంటల్లోకి పోతూనే ఉంది, చెక్క గేదెలకి పోతూనే ఉంది, అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి సోయా నూనె దిగుమతి అవుతూనే ఉంది. 2021 ఆగస్టులో కోళ్ల దాణా రేట్లు మండిపోతున్నాయని కేంద్రం 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి అనుమతిచ్చింది, అంటే ఇతుసాయింగో లాంటి పేటల పక్కన పండే సోయాకి మన కోళ్ల ఫారాల తలుపు తెరిచినట్టే. ఉన్న జీఎం లేబులే అమలు కాని చోట దానికి బదులు ‘పర్యావరణ హితం’ లేబుల్ వస్తే జనానికి ఉన్న కాస్త తెలుసుకునే హక్కు కూడా పోతుంది.

తటస్థంగా ఉండటం తప్ప ఇంకో దారి లేదన్న మాట కూడా నిజం కాదు. ఫెయిర్‌ట్రేడ్ జీఎం విత్తనాన్ని ఒప్పుకోదు. రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ ఒప్పుకోదు. సేంద్రీయ ప్రమాణాలు ఏ దేశంలోనూ ఒప్పుకోవు. కలపకి సర్టిఫికెట్ ఇచ్చే ఎఫ్‌ఎస్‌సీ మొదట్నుంచీ జీఎం చెట్లు వద్దంటోంది, 2022లో తన సర్టిఫికెట్ లేని చోట్ల జరిగే ప్రయోగాలు గమనిద్దాం అని ఒక కార్యక్రమం మొదలుపెట్టబోయింది గానీ వ్యతిరేకత చూసి 2023లో దాన్ని ఆపేసింది. యూరోపియన్ కమిషన్ 2023 జులైలో జన్యు సవరణ పంటలకి, అంటే బయటి జన్యువు పెట్టకుండా మొక్క జన్యువునే మార్చిన వాటికి, నియమాలు సడలిస్తూ ఒక ప్రతిపాదన తెచ్చింది, అందులో నిలకడకి ఉపయోగపడే లక్షణాలున్న విత్తనాలకి ప్రోత్సాహకాలు ఇస్తామంటూనే గడ్డిమందు తట్టుకునే లక్షణానికి మాత్రం ఇవ్వబోమని రాసింది. జీఎం కంపెనీలకి అనుకూలంగా ఉందని విమర్శలు ఎదుర్కొన్న ప్రతిపాదనే ఆ గీత గీయగలిగినప్పుడు, 2010లో ఆర్‌టీఆర్‌ఎస్ ఎందుకు గీయలేకపోయింది?

తర్వాతి గొడవ బహుశా బియ్యం దగ్గర వస్తుంది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు జన్యు సవరణ వరి రకాలు ప్రకటించారు. ఒకటి రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరి నుంచి చేసిన కమల, రెండోది మన ఎంటీయూ 1010 నుంచి చేసింది. ఇవి బయటి జన్యువు పెట్టినవి కావు, రౌండప్ రెడీ సోయాతో ఒకే గాటన కట్టడం సరికాదు, పంట త్వరగా చేతికొచ్చి నీళ్ళు ఆదా అయితే రైతుకి మంచిదే. కానీ 2022 మార్చిలో ఇచ్చిన మినహాయింపు వల్ల ఇలాంటివి జీఎం నియమాల్లో ముఖ్యమైన దశలు దాటక్కర్లేదు, ప్రకటనలో మాత్రం నీళ్ళు, మీథేన్ తగ్గింపు గురించి పెద్ద మాటలు వచ్చేశాయి. ఆ మాటలు బియ్యం బస్తా మీదకి ఎక్కకముందే నాలుగైదు సీజన్లు రైతుల పొలాల్లో పండించి, దిగుబడి, నీటి వాడకం, తెగుళ్ళు అన్నీ కంపెనీతో గానీ తయారుచేసిన సంస్థతో గానీ సంబంధం లేనివాళ్ళు కొలిచి బయటపెట్టాలి, విత్తనం మీద పేటెంట్ ఎవరిదో, రైతు దాచుకుని మళ్ళీ వేసుకోవచ్చో లేదో రాసి ఇవ్వాలి, బస్తా మీద ముందు జన్యు సవరణ రకం అని ఉండాలి, మిగతా మాటలన్నీ ఆ తర్వాతే.